గేరు బండికి రిమోటు

శనివారం పొద్దున. చింతామణిలో బెంగుళూరు రోడ్డు పక్కన సునీల్‌కుమార్ కార్ల వైరింగ్ షెడ్డు. వేరుశనగ మండీ యజమాని అశ్వత్థప్ప, ఆయన భార్య అంబుజమ్మ వచ్చారు. వాళ్ళ కారు కూడా వచ్చింది. దానికి ఏం కావాలో ఎవరూ అడగలేదు.

“వద్దమ్మా. నా మాట వినండి. గేరు బండికి రిమోట్ స్టార్టరు వద్దు.”

“విన్నావా అంబుజా? సునీలే వద్దంటాండాడు. పద, ఇంటికి పోదాం.”

“మీరు సుమ్నే ఊరుకోండి. ఏల వద్దు సునీలూ? టౌన్లో అందరూ వేయించుకుంటాండారు గదా.”

“వాళ్ళవి గేర్లు మార్చే పనిలేని బండ్లమ్మా. రిమోట్ నొక్కితే ఇంజన్ స్టార్ట్ అయితుంది, బండి నిల్చిన తావే నిలుస్తుంది. మీది అట్ల కాదు. ఫస్ట్ గేర్లో వేసి నిలిపినారనుకోండి, మీరు వంటింట్లో బటన్ నొక్కుతారు, ఈడ ఇది డ్రైవర్ లేకుండా దూకుతుంది.”

“యాడికి దూకుతుందప్పా?”

“ముందర ఏముంటే దాని మీదికి.”

“ముందర తులసికోట ఉండాది! అంబుజా, తులసికోట! మనకేల ఈ పాపం?”

“తులసికోట మీద ఎప్పుడొచ్చింది మీకింత ప్రేమ? ఒక్క దినమన్నా చెంబు నీళ్ళు పోసినారా?”

“ఒక మాట అడుగుతా అప్పా. మీరు బండిని ఎప్పుడూ ఫస్ట్ గేర్లోనే నిలుపుతారా?”

“మా వీధి ఏటవాలు గదా. మా నాయన లారీలు పెట్టుకొన్నప్పటి నుంచీ అదే అలవాటు. గేర్లో వేసేది, టైరు కింద రాయి పెట్టేది. హ్యాండ్‌బ్రేక్‌ను నమ్ముకొని ఎవడన్నా నిద్రపోతాడా?”

“ఎట్లుండాది హ్యాండ్‌బ్రేకు?”

“ఉండాది. లాగితే పైకొస్తాది. అంతే దాని పని.”

“దాన్ని బిగించు సునీలూ. ఇంకేమేం చేయాలో అన్నీ చెయ్యి. రిమోటు మాత్రం నాకు కావాల.”

“చేయొచ్చమ్మా. చేయలేక కాదు. మీకు దేనికి ఇది? ఎక్కేలోపల ఏసీ చల్లగా కావాలనా?”

“ఏసీనా? ఆ ఏసీలోంచి దుమ్ము తప్ప ఇంకేమీ రాదు. ఈయన గుండె కోసం.”

“గుండె కాదు సునీలా, గ్యాసు.”

“మండీలో మిద్దెమెట్లు ఎక్కుతా సగంలో నిలిచిపోతాండారు. చెయ్యి గోడకానిచ్చి, చెమటలు కారుస్తా. గ్యాసంట.”

“మూటలు చూస్తా నిలబడింటా.”

“మెట్ల మీద మూటలు యాడుండాయి?”

“ఉండాయా లేదా అని చూస్తా.”

“చిక్కబళ్ళాపురంలో డాక్టరు ఏమన్నాడో చెప్పండి వీడికి.”

“అన్నీ చెప్పినాడు. మంచోడు. మర్యాద తెలిసినోడు.”

“గుండెకు రక్తం పోయే నరం మూసుకుంటాంది, లోపలికి ట్యూబు పంపించి చూడాల, ఆలస్యం చేస్తే నన్నేమీ అనొద్దు అన్నాడు. ఆ డాక్టరు బెంగుళూరు నుంచి వస్తాడు, సోమవారం మాత్రమే. తొమ్మిదికల్లా ఖాళీ కడుపుతో ఈయన ఆడుండాల. ఎన్ని సోమవారాలు పోయినాయో నేను లెక్క పెట్టడం మానేసినా.”

“గంట దావ గూడా లేదు గదమ్మా. పోవడానికేం?”

“సోమవారం రాహుకాలం ఎప్పుడు?”

“ఏడున్నర నుంచి తొమ్మిది.”

“చూడు అంబుజా! వైరింగ్ చేసుకొనే పిల్లోడు, వాడికి గూడా తెల్సు.”

“ఏడున్నరకు ముందే ఇల్లు వదిలితే పాయె గదప్పా?”

“ఆ మాటే నేనూ అంటాండా. దినమూ ఏడుకంతా ముగిసే పూజ సోమవారం మాత్రం ముగియదు.”

“సోమవారం శివుడిది గదప్పా. అష్టోత్తరం చదవొద్దా?”

“ఎప్పటి నుంచి చదువుతాండారు?”

“భక్తి ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు?”

“నేను చెప్తా. డాక్టరు చీటీ రాసిచ్చిన మరుసటి సోమవారం నుంచి.”

“అదంతా సరేనమ్మా. రాహుకాలానికి, రిమోటుకు ఏం సంబంధం?”

“వీళ్ళ మండీ పద్ధతి తెల్దా నీకు? మీ నాయన పిళ్ళప్ప ఆడ మూటలెత్తినోడే గదా. లారీకి సగం లోడు గూడా అయ్యుండదు, మంచి గడియ ఉండంగానే డ్రైవర్ను పిలిచి ఇంజన్ స్టార్ట్ చేయిస్తారు. అంతే, లారీ బయల్దేరినట్టు లెక్క. ఆమీద మిగిలిన లోడు వేసుకొని, టీ తాగి, వక్కాకు నమిలి, నడి రాహుకాలంలో పోయినా దోషం లేదు.”

“మా తాత కాలం నుంచీ అదే పద్ధతి. ఒక్క లారీ పల్టీ కొట్టింది లేదు.”

“కొట్టింది ఒకటి, బాగేపల్లి దగ్గర.”

“అది డ్రైవరు తాగినాడు. దానికి రాహువేం చేస్తాడు?”

“అందుకే సునీలూ, ఏడున్నరకు ముందర కారు స్టార్ట్ అయితే చాలు, ఈయన బయల్దేరినట్టు లెక్క. బీగంచెవి ఈయన మొలతాడుకు ఉండాది. పూజలో కూర్చొన్న మనిషి మొలతాడు పట్టుకొని నేను లాగలేను. రిమోటయితే వంటింట్లో నుంచే నొక్కుతా. ఆమీద ఎన్ని నామాలు చదువుకుంటారో చదువుకోనీ.”

“అప్పా, మీరు దీనికి ఒప్పుకొన్నారా?”

“ఒప్పుకోక ఏం చేసేది? పద్ధతంటే పద్ధతే. ఇంజన్ స్టార్ట్ అయితే నేను బయల్దేరినట్టే. స్టార్ట్ అయితే.”

“సరే, వేస్తా. అయితే నేను చెప్పినట్టు చేయాల, ఒక్కటి గూడా తప్పకూడదు. వినండి. సాయంత్రం బండి నిలిపేటప్పుడు గేరు న్యూట్రల్‌కు తేవాల. హ్యాండ్‌బ్రేకు లాగాల. ఇంజన్ ఆడుతుండంగానే బీగంచెవి తీసుకొని బయటికి రావాల.”

“ఇంజన్ ఆడుతుండంగానేనా?”

“ఆడుతానే ఉంటుందమ్మా, భయపడొద్దు. మీరు తలుపులన్నీ మూసి లాక్ చేసినాక అదే నిలిచిపోతుంది. గేరు న్యూట్రల్లో ఉండాది, లోపల ఎవరూ లేరు అని దానికి అప్పుడు నమ్మకం కుదురుతుంది. పొద్దున రిమోట్ నొక్కితే స్టార్ట్ అయితుంది. నడిమధ్యలో ఎవరన్నా తలుపు తెరిచినారో, మొత్తం క్యాన్సిల్.”

“ఆగు ఆగు. తలుపు తెరిస్తే ఏమైతుందంటివి?”

“క్యాన్సిల్ అప్పా. తలుపు తెరిచినారంటే ఎవరో లోపలికి పోయినారు, గేరు కదిలించుంటారేమో అని దానికి అనుమానం. ఆమీద ఎంత నొక్కినా స్టార్ట్ కాదు.”

“ఎంత నొక్కినా?”

“ఎంత నొక్కినా.”

“భలే. తలకాయ ఉండాది దానికి. బోనెట్ ఎత్తితే?”

“ఎత్తినా కాదు.”

“హ్యాండ్‌బ్రేకు దించితే?”

“కాదప్పా.”

“గేర్లో వేస్తే?”

“అసలు కానే కాదు. దాని కోసమే గదా ఇంత వైరింగు.”

“అంబుజా, నేను ఊరికే భయపడినా. చానా భద్రమైన వస్తువు ఇది. వేయించు.”

“ఇంతసేపూ వద్దు వద్దంటాంటిరే?”

“తెలియక అన్నా.”

“పెట్టెలో రెండు రిమోట్లు వస్తాయమ్మా. ఒకటి అప్ప దగ్గర—”

“రెండూ నాకే ఇయ్యి.”

“ఒకటి నా దగ్గర ఉండనీలే, ఇంట్లో వస్తువు యాడన్నా పడిపోతే...”

“మీకు బీగంచెవి ఉండాది. మొలతాడుకు ఇంకా ఎన్ని కట్టుకొంటారు?”

అదే షెడ్డు, మధ్యాహ్నం దాటాక. పని ముగిసింది.

“ఇప్పుడు నొక్కండమ్మా. ఆ పైన ఉండే బటను. అదుముకొని పట్టుకోండి.”

“అయ్యో దేవుడా! స్టార్ట్ అయ్యింది!”

“అయ్యిందే. ఏం సునీలా, ఇంత సులభంగా అయిపోతుందా ఇది?”

“అన్నీ సరిగ్గా ఉంటే అయితుందప్పా.”

“ఏమండీ, ఇంజన్ స్టార్ట్ అయ్యింది గదా. మీ పద్ధతి ప్రకారం ఇప్పుడే బయల్దేరినట్టు లెక్క. నేరుగా ఇట్లే పోయి, సోమవారం దాకా ఆడే యాడన్నా రూము తీసుకొని—”

“పరీక్షకు స్టార్ట్ చేసింది లెక్కకు రాదు. చిక్కబళ్ళాపురం పోతాండాము అనే సంకల్పం యాడుండాది? మనం షెడ్డులో ఉండాము.”

“దానికి గూడా ఒకటి చెప్తారా!”

“నాది కాదు, శాస్త్రం.”

“పోనీలే. సునీలూ, సోమవారం బండి నువ్వే నడపాల. ఈయన నడపకూడదన్నారు.”

“వస్తానమ్మా. ఏడుకంతా మీ ఇంటి ముందర ఉంటా.”

“అంత పొద్దున్నే ఏలప్పా? నిద్ర చెడగొట్టుకొని... పాపం, చిన్న బిడ్డ గూడా ఉండాది ఇంట్లో.”

“నాకేం కష్టం లేదప్పా.”

“బిడ్డకు ఉంటుంది గదా.”

ఆదివారం చీకటి పడే వేళ. చింతామణిలోనే, అశ్వత్థప్ప ఇంటి ముందు.

“న్యూట్రల్‌కు తెచ్చినారా?”

“తెచ్చినా. చూడు, గేరు ఊగులాడతాంది.”

“హ్యాండ్‌బ్రేకు?”

“లాగినా. సునీలు బాగా బిగించినాడు, భుజం నొప్పి పట్టింది.”

“ఎడమ భుజమా?”

“ఎడమదే. బ్రేకు లాగేది ఆ చేత్తోనే గదా. ప్రతిదాన్నీ గుండెకు ముడివేయొద్దు.”

“సరే, దిగండి. తలుపు మూయండి. లాక్ చేయండి. ఆ... నిలిచింది చూడండి ఇంజను. ఇంగ పొద్దున దాకా దీని జోలికి పోవద్దు.”

“నేనేల పోతా? నాకేం పని దీంతో?”

“నిన్నటి నుంచీ దీని చుట్టూనే తిరుగుతాండారు. అన్నానికి పిలిచినా రాలేదు.”

“కొత్త వస్తువు గదా. చూసుకుంటాండా.”

“తలుపు ముట్టుకోరు గదా?”

“నా మీద నమ్మకం లేదా అంబుజా?”

“మీ మీద చానా నమ్మకం ఉండాది. మీరేం చేస్తారో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెల్దు.”

“అట్లన్నావు, బాగుండాది.”

సోమవారం పొద్దున. దేవుడిగదిలో ఆయన, వంటింట్లో ఆమె. సునీల్‌కుమార్ అప్పుడే వచ్చాడు.

“ఓం శివాయ నమః. ఓం మహేశ్వరాయ నమః. అంబుజా, ఉప్పిట్టు తాలింపు వాసన రాలేదే?”

“చేయలేదు. ఖాళీ కడుపుతో పోవాల.”

“ఓం శంభవే నమః. నైవేద్యానికి రెండు అరటిపండ్లన్నా...”

“కలకండ పెట్టినా.”

“ఓం పినాకినే నమః. కలకండ తింటే ఖాళీ కడుపు చెడుతుందా?”

“దేవుడికి చెడదు. మీరు ముట్టుకోవద్దు.”

“గంట ఎంతయింది?”

“మీ ఎదురుగానే ఉండాది గడియారం.”

“దేవుడి ముందర కూర్చొని గడియారం చూస్తారా ఎవరన్నా?”

“ఏడు దాటింది. సునీలు వచ్చినాడు. నొక్కుతాండా.”

“నొక్కు నొక్కు. మంచి గడియ. శుభం.”

“ఏమండీ.”

“ఓం శశిశేఖరాయ నమః.”

“ఏమండీ, స్టార్ట్ కాలేదు.”

“అయ్యో. మళ్ళా నొక్కు.”

“నొక్కినా. కాలేదు.”

“గోడ అడ్డం ఉంటుంది. బయటికి పోయి నొక్కు. ఓం వామదేవాయ నమః.”

“సునీలూ! బయట నుంచి నొక్కినా ఎర్రలైటు మినుకుతాంది గానీ బండి పలకలేదు. ఏమయిందో చూడు.”

“ఉండండమ్మా... డ్రైవర్ తలుపు సరిగ్గా పడలేదు. ఎవరో తెరిచినారు.”

“నేను తెరవలేదు. ఏమండీ! మీరు కారు తలుపు తెరిచినారా?”

“లోపల దేవుడి బొమ్మ ఉండాది గదా. పూవు పెట్టి ఊదువత్తి చూపించొద్దా? మా ఇంట్లో పూజ కాకుండా ఏ బండి చక్రమూ తిరగదు.”

“దినమూ బయట నుంచే గదా ఊదువత్తి తిప్పుతారు?”

“సోమవారం లోపల.”

“ఒక్క సోమవారానికి ఎన్ని పద్ధతులు!”

“అమ్మా, బోనెట్ గూడా ఎత్తి వదిలినారు. లాక్ పడలేదు.”

“బోనెట్‌కు ఏం పూజ చేసినారండీ?”

“స్టార్ట్ కావాల్సింది లోపలి ఇంజను గదా. దాన్ని వదిలి పైరేకుకు కుంకుమ పెడితే ఏం ప్రయోజనం?”

“హ్యాండ్‌బ్రేకు దించుండాది అమ్మా.”

“పూవు పెట్టేటప్పుడు మోచెయ్యి తగిలుంటుందిలేప్పా.”

“గేరు గూడా ఫస్ట్‌లో ఉండాది.”

“అది... పంచె చెంగు తగులుకొనుంటుంది.”

“అప్పా, వీటిలో ఒకటి చేసినా చాలు గదా క్యాన్సిల్ కావడానికి. నాలుగూ చేసినారే!”

“యంత్రాలను నమ్మడానికి లేదు సునీలా.”

“పరవాలేదమ్మా, ఇంకా టైముండాది. బీగంచెవి ఇప్పించండి, క్షణంలో స్టార్ట్ చేసేస్తా.”

“విన్నారా? బీగంచెవి ఇయ్యండి.”

“పూజలో ఉండా. నడుము దగ్గర చెయ్యి పెడితే మైల. ఓం విరూపాక్షాయ నమః. ఓం కపర్దినే నమః. ఓం నీలలోహితాయ నమః.”

“ఏమండీ!”

“ఓం శంకరాయ నమః. ఓం శూలపాణినే నమః.”

“అప్పా, ఇంకొంచెంసేపే ఉండాది. తొందరగా—”

“దేవుడి దగ్గర తొందరపెట్టకూడదు సునీలా. ఓం ఖట్వాంగినే నమః. ఓం విష్ణువల్లభాయ నమః... గోడ గడియారం మోగిందా?”

“మోగింది.”

“ఏడున్నరా?”

“ఏడున్నర.”

“అయ్యయ్యో. ఒక్క క్షణంలో తప్పిపోయింది చూడు. ఇదో, ఇప్పుడే పూజ ముగిసింది. ఏం చేసేది? వచ్చే సోమవారం చూద్దాం.”

“సునీలూ, నువ్వు కొంచెంసేపు బయట నిలబడప్పా.”

“సరేనమ్మా.”

“అంబుజా... కోపమా?”

“లేదు.”

“ఉంటుందిలే. నాలుగు తిట్లన్నా తిట్టు.”

“ఏమని తిట్టేది? మీరు బతకాలని నేనొక్కదాన్నే అనుకుంటే ఎట్ల జరుగుతుంది? ఆ ఆశ మీకూ ఉండాల గదా.”

“నాకు లేదంటావా?”

“ఉంటే, తెల్లారక ముందే లేచి దొంగ మాదిరి ఆ బండిలో దూరుతారా? గేరు, బ్రేకు, బోనెట్టు... ఒక్కటి గూడా మర్చిపోకుండా చేసినారు. మండీలో దినమూ ఏదో ఒకటి మర్చిపోయి వస్తారు.”

“భయమే అంబుజా.”

“ఏమన్నారు?”

“భయం. రాహువుకు కాదు. ఆ ట్యూబుకు. దాన్ని లోపలికి పంపించి చూసినారంటే ఏముందో తెలిసిపోతుంది. చూడకపోతే గ్యాసే గదా.”

“భయమైతే భయమని చెప్పొచ్చు గదండీ. రాహువును ఏల అడ్డం పెట్టుకొనేది?”

“మగోడు రాహువుకు భయపడితే భక్తి అంటారు. సూదికి భయపడితే నవ్వుతారు.”

“నేను నవ్వుతానా?”

“నువ్వు నవ్వవు. నువ్వు నవ్వడం మానేసినప్పటి నుంచే నాకు ఇంకా భయం పట్టుకొంది. మా నాయనను చూసినా గదా. ఆస్పత్రికి పోయినోడు తెల్లగుడ్డలో తిరిగొచ్చినాడు. నడి రాహుకాలంలో ఎత్తుకొని పోయినారు. ఆంబులెన్సోడికి పంచాంగం ఏం తెల్సు?”

“ఎత్తుకొని పోయే దాకా ఏల పెట్టుకొన్నారు ఆయన్ను? ఛాతీ పట్టుకొని కూలబడింది మంగళవారం. మంగళవారం పోగూడదన్నారు. బుధవారం వర్జ్యం ఉండాదన్నారు. గురువారం అమావాస్య వచ్చింది. మంచి పొద్దు చూసి చూసి, ఆఖరికి ఏ పొద్దూ చూడకుండా పోవాల్సి వచ్చింది. మామను చంపింది రాహుకాలం కాదండీ. దాన్ని తప్పించుకోవాలని మీరంతా కూర్చొన్నారే, అది.”

“నాకు తెల్దా అది?”

“తెలిసీ మీరూ అట్లే కూర్చొంటే నేనేం కావాల? పొద్దున మీ దగ్గు వినపడకపోతే లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తాండా. దినమూ. మీకు తెల్దు.”

“...తెల్సు.”

“తెల్సా?”

“చెయ్యి చల్లగా ఉంటుంది గదా. మెలకువ వస్తుంది. నిద్రపోయినట్టే పడుకొంటా.”

“ఎంత మొండోళ్ళండీ మీరు!”

“ఈ ఒక్క వారం వదిలేయి అంబుజా. రాహుకాలంలో మాత్రం కాలు బయట పెట్టలేను. మా నాయన పోయిన పొద్దులోనే నేనూ పోయేదంటే... వద్దు. అది మాత్రం నాతో కాదు. నవ్వినా సరే, తిట్టినా సరే.”

“సరే.”

“సరేనా?”

“రాహుకాలంలో బయల్దేరొద్దు. సరే.”

“నిజంగానే? కోపం లేకుండానే?”

“లేకుండానే.”

“బంగారు తల్లివి. అట్లయితే మండీ దిక్కు ఒక చుట్టు పోయొస్తా, దగ్గరే గదా, అది ప్రయాణం కిందికి రాదు. ఆ కొత్త పంచె యాడ పెట్టినావు? బీరువాలో లేదే. కండువా గూడా లేదు. ఆ ఆస్పత్రి సంచి గూడా ఈడనే తగిలించుంటివి...”

“పక్కింట్లో ఉండాయి. రామలక్ష్మమ్మ దేవుడిగదిలో.”

“వాళ్ళింట్లో ఏల?”

“నేనే పెట్టి వచ్చినా. శనివారం సాయంత్రం. మంచి గడియ చూసి, పంచె, కండువా మడిచి, ఆస్పత్రి చీటీలు పెట్టి, పసుపుగుడ్డలో అక్షింతలు కట్టి. చిక్కబళ్ళాపురం పోతాండారు మా ఆయన అని సంకల్పం గూడా చెప్పుకొన్నా.”

“...ప్రస్థానం పెట్టినావా?”

“పెట్టినా. చాకవేల్లో మా అమ్మగారింట్లో ఎప్పుడూ అదే చేసేవాళ్ళు. మనిషి బట్టలు మంచి పొద్దులో గడప దాటి ఇంకో ఇంట్లో చేరితే మనిషి బయల్దేరినట్టే. మూడు దినాల లోపల ఎప్పుడు పోయినా దోషం అంటదు. మీ పంచాంగంలోనే ఉండాది, తీసి చూసుకోండి.”

“ఉండాది గానీ... వారశూల ఉంటుంది గదా! ఆ దినం పడమటి దిక్కు పోగూడదేమో!”

“పడమటికి పోగూడనిది ఆదివారం. శనివారం తూర్పుకు పోగూడదు. చిక్కబళ్ళాపురం మనకు పడమటే గదా. అందుకే ఆదివారం దాకా నిలవలేదు నేను.”

“అంటే నేను ఇప్పుడు...”

“శనివారమే బయల్దేరినారు. రెండు రాత్రులుగా ఈ ఇంట్లో చుట్టం మాదిరి ఉండారు. నేనే మర్యాదగా అన్నం పెడతాండా.”

“అంబుజా!”

“బయల్దేరినోడు నడిమధ్యలో వెనక్కి తిరిగితే ఏమంటారు మీ శాస్త్రంలో?”

“...కీడంటారు.”

“కొంచెం గట్టిగా చెప్పండి. బయట సునీలుకు వినపడాల, బండి తిప్పుకొంటాడు.”

“కీడే, కీడే. ఒప్పుకొంటి. ఇదో, బీగంచెవి తీసుకో. ఆ పంచె తెప్పించు.”

“తెప్పించకూడదు. పోతా పోతా మీరే ఎత్తుకోవాల.”

“ఎప్పుడు పోయినావు నువ్వు ఆ ఇంటికి? శనివారం సాయంత్రమంతా నేను వాకిట్లో జగిలి అరుగు మీదనే ఉంటిని. సంచి ఎత్తుకొని నా ముందరే పోయుండాల గదా!”

“మీ ముందరే పోయినా. సంచి ఈ చేతిలో, అక్షింతలు ఆ చేతిలో. యాడికి అని గూడా అడగలేదు మీరు. కారునే చూసుకుంటా కూర్చొంటిరి.”

“చూసుకోక? ఏ తలుపు తెరిస్తే చప్పుడు కాకుండా ఉంటుందా అని... ఉండు ఉండు. ప్రస్థానం శనివారమే పెట్టేసినావు. అయితే ఈ రిమోటు ఏలనే? వాడు వద్దంటాండినా, పోట్లాడి, ఇంత ఖర్చు పెట్టి, ఈ రిమోటు ఏల వేయించినట్టు?”

“కాపలా కాయడానికి మీకొకటి కావాల గదా. లేకుంటే నన్ను కాసేవాళ్ళు.”